మీ ఊరి క్రైస్తవ టాక్ రేడియో చరిత్ర రాయాలంటే పేరు వదిలి నంబరు పట్టుకోండి

రేడియో స్టేషన్ చరిత్ర రాద్దామని కూర్చున్నవాళ్ళు చాలామంది మొదట ఆ స్టేషన్ పేరుతో వెతుకుతారు. అక్కడే దారి తప్పుతారు. అమెరికాలో స్టేషన్ పేరు అద్దె ఇంటి బోర్డు లాంటిది. యజమాని మారితే పేరు మారుతుంది, ఒక్కోసారి ఆ పేరే మూటాముల్లె సర్దుకుని ఇంకో ఫ్రీక్వెన్సీకి వెళ్ళిపోతుంది. కదలకుండా ఉండేది లైసెన్సు. దాన్ని పట్టుకుంటే వందేళ్ళ వెనక్కి కూడా వెళ్ళొచ్చు.

నేను ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఆఫీసుకి 880 హైవే మీద వెళ్తూ వస్తూ ఏఎమ్ 1100, అంటే కేఎఫ్ఏఎక్స్, వింటుంటాను. ప్రసంగాలు, బైబిలు పాఠాలు, మధ్యలో కుటుంబ సలహాలు. మా తెలుగు సంఘంలో పెద్దవాళ్ళకు కూడా ఇది బాగా అలవాటు. "ఇదెప్పట్నుంచి ఉందమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. ఉద్యోగరీత్యా పాత రికార్డులు సరిపోల్చడమే నా పని, కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు. అప్పట్నుంచి నాకు అలవాటైన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు మా బే ఏరియావి, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలవి. పద్ధతి మాత్రం అమెరికాలో ఏ ఊరి స్టేషన్‌కైనా సరిపోతుంది.

మొదట చేయాల్సిన పనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. గంట మారే సమయానికి రేడియో పెట్టుకుని కూర్చోండి. ప్రతి గంటకూ ఆ సమయంలో స్టేషన్ తన కాల్ లెటర్స్ (కేఎఫ్ఏఎక్స్ లాంటి అధికారిక అక్షరాల పేరు), వెంటనే లైసెన్సు ఇచ్చిన ఊరి పేరు చెప్పి తీరాలి. అది రూలు. ప్రసంగీకుడు "తరువాతి భాగం రేపు" అన్నాక, వచ్చే ప్రకటనకు ముందు, గబగబా ఒక గొంతు ఆ ముక్క చెప్పేసి వెళ్ళిపోతుంది. మనం రోజూ విని కూడా పట్టించుకోని ముక్క అదే. ఆ ఊరు పేరు రాసుకోండి. స్టూడియో ఒక ఊళ్ళో, టవర్లు ఇంకో ఊళ్ళో, లైసెన్సు మూడో ఊరి పేరు మీద ఉండటం మామూలే. 1100 లైసెన్సు శాన్ ఫ్రాన్సిస్కోది, టవర్లేమో బే ఇవతల హేవార్డ్ ఒడ్డున ఉన్నాయి. ఉప్పునీళ్ళతో తడిసిన నేల ఏఎమ్ తరంగాలకు బాగా అనుకూలం కాబట్టి ఇంజనీర్లు అలాంటి బురదనేలలు వెతుక్కుంటారు. పాత పేపర్లలో వెతికేటప్పుడు ఈ మూడు ఊళ్ళ పేర్లూ కావాలి.

తరువాత స్టేషన్లకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ఆ కాల్ లెటర్స్ కొట్టి ఫెసిలిటీ ఐడీ అనే నంబరు తీసుకోండి. పేరు ఎన్నిసార్లు మారినా ఈ నంబరు మారదు. ఇకమీదట మీ నోట్సులో స్టేషన్‌ని ఈ నంబరుతోనే గుర్తుపెట్టుకోండి. ఏఎమ్ స్టేషన్‌కు తోడుగా అదే ప్రసారాన్ని ఎఫ్ఎమ్‌లో తిరిగి పంపే చిన్న ట్రాన్స్‌మిటర్, అంటే ట్రాన్స్‌లేటర్, ఉంటే దానికి వేరే నంబరు ఉంటుంది. ఆ రెంటినీ కలపొద్దు.

నంబరు ఎందుకు అంత ముఖ్యమో 1100 కథ చూస్తే అర్థమవుతుంది. ఈ లైసెన్సు 1925 నాటిది. అప్పటి పేరు కేజేబీఎస్. శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యాటరీల వ్యాపారం చేసే జూలియస్ బ్రంటన్ అండ్ సన్స్ వాళ్ళు పెట్టారు కాబట్టి ఆ అక్షరాలు. అప్పటి రేడియోలు చాలావరకు బ్యాటరీలతోనే నడిచేవి. జనం రేడియో వింటే బ్యాటరీలు అమ్ముడుపోతాయి. లెక్క అంతే. దేవుడి మాట కోసం పెట్టిన స్టేషన్ కాదది. 1960లో పేరు కేఎఫ్ఏఎక్స్ అయింది. అప్పుడూ క్రైస్తవ స్టేషన్ కాలేదు. పొద్దున్నుంచీ రాత్రిదాకా వార్తలే చెప్పే స్టేషన్‌గా మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అది పెద్ద సాహసం. ప్రకటనలు రాక కొన్ని నెలలకే చేతులెత్తేశారు. ఆ తరువాతే ప్రసంగాలకు సమయం అమ్మడం మొదలైంది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో స్టేషన్‌ని పెట్టి చూడండి. బే ఏరియాలో వార్తలంటే అందరికీ గుర్తొచ్చేది 740 మీద వచ్చే కేసీబీఎస్. దాని మూలం శాన్ హోసేలో చార్లెస్ హెరాల్డ్ 1909లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో ఉంది. 1921లో కేక్యూడబ్ల్యూ పేరుతో లైసెన్సు వచ్చింది. 1925లో ఆ స్టేషన్ ఎవరి చేతికి పోయిందో తెలుసా? శాన్ హోసే ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి చేతికి. ఆ తరువాత రైతు కార్యక్రమాల స్టేషన్ అయింది. ఇంకొన్నాళ్ళకు అదే బ్రంటన్ కుటుంబానికి వెళ్ళింది. 1949లో కేసీబీఎస్ అయింది, 1968 నుంచి పూర్తిగా వార్తలే. అంటే నేడు వార్తలు చెప్పే స్టేషన్ ఒకప్పుడు చర్చిది, నేడు వాక్యం చెప్పే స్టేషన్ ఒకప్పుడు వార్తలది. మధ్యలో ఒకే కుటుంబం రెంటినీ నడిపింది. పేరు పట్టుకుని వెతికితే ఈ సంగతి ఎప్పటికీ దొరకదు.

తిరకాసు ఇంకో రకంగానూ ఉంటుంది. ఫ్యామిలీ రేడియో అనే క్రైస్తవ సంస్థ వాళ్ళ కేఈఏఆర్ చూడండి. 1959లో ఎఫ్ఎమ్ 97.3 మీద ఉన్న పేరు తరువాత 106.9కి మారింది. 2005 ఒప్పందంతో ఏఎమ్ 610కి చేరింది. ఆ 610 అంతకుముందు కేఎఫ్ఆర్‌సీ, 1924 నుంచీ ఉన్నది. 1960లు, 70లలో కుర్రకారు పాటలకు మారుపేరు. కాబట్టి "కేఈఏఆర్ చరిత్ర" వేరు, "610 చరిత్ర" వేరు. మీరు రాసేది ఏదో మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పండి.

ఇక అసలు నిధి హిస్టరీ కార్డులు. 1927 నుంచి 1981 తొలినాళ్ళ దాకా ప్రతి స్టేషన్‌కూ ప్రభుత్వం కార్డులు పెట్టి, ఏ మార్పు జరిగినా గుమాస్తాలు వాటి మీద టైపు చేయడమో, చేత్తో రాయడమో చేసేవారు. ఇవన్నీ స్కాన్ చేసి ఎఫ్‌సీసీ సైటులో పెట్టారు, ఉచితం. మొదటిసారి తెరిస్తే టెన్షన్ పడతారు. మసకబారిన అక్షరాలు, కొట్టివేతలు, ముద్రలు, పొట్టి పొట్టి గుర్తులు. భయపడక్కర్లేదు, ముఖ్యమైనవి కొన్నే. సీపీ అంటే కట్టుకోవడానికి అనుమతి. అది వచ్చినంత మాత్రాన స్టేషన్ కట్టారని కాదు, లైసెన్సు ఎంట్రీ కనపడేదాకా నమ్మొద్దు. ఏఎల్ అంటే లైసెన్సు ఒకరి నుంచి ఇంకొకరికి మారింది. టీసీ అంటే కంపెనీ అదే, కంపెనీ మీద పెత్తనం చేతులు మారింది. ఈ రెండో దాన్ని చాలామంది వదిలేస్తారు. యజమాని పేరు మారలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకుంటారు. కుటుంబాల మధ్య గొడవలు, అల్లుడు వచ్చి కూర్చోవడాలు అన్నీ ఆ టీసీల్లోనే ఉంటాయి. డీఏ అని ఉంటే టవర్లు ఒక దిక్కుకే సిగ్నల్ పంపుతున్నాయని, పక్కన ఎన్ ఉంటే రాత్రిపూట మాత్రమేనని.

కార్డులో 1941 దగ్గర ఫ్రీక్వెన్సీ మారినట్టు కనిపిస్తే కంగారుపడొద్దు. ఆ ఏడాది మార్చి 29న ఉత్తర అమెరికా దేశాల ఒప్పందం ప్రకారం అమెరికాలో ఎక్కువ స్టేషన్లు ఒక్క రోజులో చోటు మారాయి. కేజేబీఎస్ 1070 నుంచి 1100కి వచ్చింది అలాగే. అది యజమాని నిర్ణయం కాదు, కాబట్టి "స్టేషన్ కొత్త ఫ్రీక్వెన్సీకి విస్తరించింది" లాంటి గొప్పలు రాయకండి. కార్డుకు వెనక ఉండే దరఖాస్తులు, ఉత్తరాలు చూడాలంటే మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి. ఎఫ్‌సీసీ కాగితాలన్నీ అక్కడ రికార్డ్ గ్రూప్ 173 కింద ఉంటాయి. ముందుగా రాసి, మీ స్టేషన్ ఫైలు ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి.

కార్డుల్లో ధరలుండవు. వాటికి బ్రాడ్‌కాస్టింగ్ పత్రిక చూడాలి. స్టేషన్ల అమ్మకాల మీద "ఛేంజింగ్ హ్యాండ్స్" అని శీర్షిక ఉండేది. ఎవరు ఎవరికి ఎంతకు అమ్మారో అందులో ఉంటుంది. అదే సంస్థ 1935 నుంచి ఏటా ఇయర్‌బుక్ కూడా వేసేది. ఇవి చాలావరకు వరల్డ్ రేడియో హిస్టరీ సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇయర్‌బుక్‌తో ఒక చిక్కుంది. వివరాలు స్టేషన్లే పంపేవి, ఒక్కోసారి ఏడాది పాతవే అచ్చయ్యేవి. మేనేజరు మారిన సంగతి ఇయర్‌బుక్‌లో కనపడిందంటే అది అంతకుముందే జరిగిందని అర్థం.

ఇటీవలి కాలానికి పబ్లిక్ ఫైలు చూడాలి, అంటే ఎవరైనా చూసుకునేలా స్టేషన్ ఉంచాల్సిన కాగితాలు. పెద్ద ఊళ్ళ రేడియో స్టేషన్లు 2016 నుంచి, మిగతావి 2018 మార్చికల్లా దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి. అందులో యాజమాన్య నివేదికలు, లైసెన్సు కాగితాలు ఉంటాయి. నాకు బాగా నచ్చేది మాత్రం మూడు నెలలకోసారి పెట్టే జాబితా. ఈ ఊరి సమస్యల మీద మేం ఏ కార్యక్రమం, ఏ తేదీన, ఎన్ని నిమిషాలు ఇచ్చాం అని స్టేషన్ స్వయంగా రాసుకోవాలి. క్రైస్తవ టాక్ స్టేషన్ తన ఊరి గురించి ఏమనుకుంటోందో ఇంతకన్నా నిక్కచ్చిగా ఇంకెక్కడా దొరకదు. కొన్ని స్టేషన్లు శ్రద్ధగా రాస్తాయి. కొన్ని ఏ మూలో తయారైన జాతీయ కార్యక్రమాల పేర్లే తిప్పి తిప్పి రాసి దులిపేసుకుంటాయి. ఆ తేడానే మీ చరిత్రలో ఒక పేరా. దొరికినవన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. లైసెన్సు రెన్యువల్ అయిపోయాక పాతవాటిని ఉంచాలనే నియమం లేదు. కాలిఫోర్నియా రేడియో లైసెన్సుల గడువు 2021 డిసెంబరు 1న ముగిసింది, ఎనిమిదేళ్ళకోసారి కాబట్టి మళ్ళీ 2029లో.

ఇంత చదివాక కూడా ఒక ప్రశ్నకు జవాబు దొరకదు. స్టేషన్ ఏ రోజు నుంచి క్రైస్తవ టాక్ అయింది? ఎఫ్‌సీసీ లైసెన్సిచ్చేది ఫ్రీక్వెన్సీకి, పవర్‌కి. ఏ రకం కార్యక్రమాలు వేయాలో అది శాసించదు. ఆ విధానం సరైనదేనని 1981లో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఈ జవాబు కోసం పాత దినపత్రికల్లో రేడియో కాలమ్ తిరగేయాల్సిందే. మా రాష్ట్రానికైతే కాలిఫోర్నియా డిజిటల్ న్యూస్‌పేపర్ కలెక్షన్ ఉచితంగా ఉంది. ఒకే వారం తీసుకుని, ఐదేళ్ళకోసారి అదే వారం షెడ్యూలు చూస్తూ రండి. ముందు ఆదివారం పొద్దున ఒక చర్చి ఆరాధన కనిపిస్తుంది, తరువాత వారం మధ్యలో పావుగంట ప్రసంగం, తరువాత పొద్దుటిపూటంతా. స్టేషన్ మతం మారడం ఒక్క రోజులో జరగదు, షెడ్యూలులో మెల్లమెల్లగా పాకుతుంది.

దేశం మొత్తం మీద జరిగిన సంగతులు మీ ఊరి కథలోకి తెచ్చేటప్పుడు కొద్దిగానే తెండి. 1921 జనవరి 2న పిట్స్‌బర్గ్‌లో కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను కేడీకేఏ స్టేషన్ ప్రసారం చేసిందనో, షికాగోలో మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ 1926లో సొంత స్టేషన్ పెట్టిందనో అందరూ రాస్తారు. మీ పాఠకుడికి అవి తెలిసినవే, మీ స్టేషన్‌తో సంబంధం లేకపోతే ఒక్క వాక్యం చాలు. కానీ ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ మాత్రం వదలకండి. వివాదాస్పద విషయం మీద ఒక పక్షం మాట్లాడితే అవతలి పక్షానికీ చోటివ్వాలనే ఆ నియమం 1949 నుంచి 1987 దాకా ఉంది. పెన్సిల్వేనియాలోని రెడ్ లయన్ అనే చిన్న ఊళ్ళో డబ్ల్యూజీసీబీ అనే క్రైస్తవ స్టేషన్ ఉండేది. 1964లో బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే ప్రసంగీకుడు పావుగంట కార్యక్రమంలో ఫ్రెడ్ కుక్ అనే రచయితను తిట్టిపోశాడు. ఆ రచయిత జవాబు చెప్పుకోవడానికి ఉచితంగా సమయం అడిగితే స్టేషన్ కుదరదంది. అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 1969లో స్టేషన్ ఓడిపోయింది. అప్పట్నుంచి చిన్న స్టేషన్ల మేనేజర్లు రాజకీయం జోలికి వెళ్ళే ప్రసంగాలంటే జంకేవారు. మీ స్టేషన్‌లో ఫోన్‌ఇన్ చర్చలు, రాజకీయ వ్యాఖ్యానాలు ఎప్పుడు పెరిగాయో చూడండి. 1987కి ముందా, తరువాతా? ఆ జవాబు మీ షెడ్యూళ్ళలోంచే రావాలి.

డబ్బు సంగతి చాలామంది భక్తికొద్దీ దాటేస్తారు. నాకు అది నచ్చదు. క్రైస్తవ టాక్ రేడియో ఎక్కువగా నడిచేది సమయం అమ్మకం మీద. మామూలు స్టేషన్ శ్రోతలను పోగేసి ప్రకటనలు అమ్ముకుంటుంది. ఇక్కడ ప్రసంగీకుడే అరగంటకు డబ్బు కట్టి, ఆ సొమ్మును శ్రోతల కానుకల్లోంచి రాబట్టుకుంటాడు. క్రైస్తవ స్టేషన్లు నడిపే సేలం సంస్థ ఇంత పెద్దదైంది ఈ పద్ధతి మీదే. బావాబావమరుదులైన ఎడ్వర్డ్ ఆట్సింగర్, స్టూవర్ట్ ఎపర్సన్ 1974లో ఆక్స్‌నార్డ్‌లో కేడీఏఆర్‌తో మొదలుపెట్టారు. 1980లలో కేఎఫ్ఏఎక్స్ కూడా వాళ్ళ చేతికే వచ్చింది. ఫ్యామిలీ రేడియో దారి దీనికి పూర్తిగా వేరు, అక్కడ సమయం అమ్మరు, శ్రోతల విరాళాలే. మీ స్టేషన్ ఏ దారిలో ఉందో తెలిస్తే అందులో ఎవరి గొంతు ఎందుకు వినిపిస్తుందో సగం అర్థమైనట్టే. డబ్బు కట్టి వేయించుకున్న కార్యక్రమమైతే ఆ సంగతి గాలిలో చెప్పాలని చట్టం. "ఈ కార్యక్రమం ఫలానా వారి సౌజన్యంతో" అనే ముక్కలను ఒక రోజంతా విని రాసుకుంటే స్టేషన్ ఆదాయ మార్గాల పట్టిక మీ చేతిలో ఉంటుంది.

పాత రోజుల లెక్కలు స్టేషన్‌లో దొరకవు, చర్చిల్లో దొరుకుతాయి. పావుగంట కార్యక్రమం నడిపిన ప్రతి చర్చికీ ఒక ట్రెజరర్ ఉండి ఉంటారు, ఆయన ఖాతా పుస్తకంలో "రేడియో" అని ఒక వరస ఉంటుంది. నెలకెంత కట్టారు, ఏ నెల కట్టలేక మానేశారు, ఏ నెల ప్రత్యేక కానుక ఎత్తారు అన్నీ తెలుస్తాయి. అడిగేటప్పుడు "మీ లెక్కలు చూపిస్తారా" అంటే తలుపు మూసుకుంటుంది. "మీ పాస్టరు గారి రేడియో కార్యక్రమం గురించి రాస్తున్నాను, పాత బులెటిన్లేమైనా ఉన్నాయా" అని మొదలుపెట్టండి. బులెటిన్ల వెనకే ఖాతా పుస్తకం కూడా వస్తుంది.

టేపుల విషయంలో మాత్రం చెయ్యి అదుపులో పెట్టుకోండి. ఎవరో ఒకరు గరాజ్‌లోంచి అట్టపెట్టె తెచ్చి ముందు పెడతారు. లోపల ఏడంగుళాల రీళ్ళు, డబ్బా అంచు మీద పెన్సిల్‌తో తేదీ, వాక్యభాగం, "7½" అని వేగం. ముందు ఆ డబ్బాలన్నిటికీ నాలుగు పక్కలా ఫోటోలు తీయండి. టేపులో ఉన్నదానికన్నా డబ్బా మీద రాసినదే ఒక్కోసారి ఎక్కువ చెబుతుంది. తరువాత మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన ఘాటుగా వస్తే అది పాత అసిటేట్ టేపు, పాడవడం మొదలైంది, మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. 1970ల మధ్య నుంచి 80ల దాకా వచ్చిన కొన్ని రకాల టేపులకు ఇంకో జబ్బు. పైపూత జిగురు తేమ పీల్చుకుని అంటుకుపోతుంది. దాన్ని ప్లేయర్‌లో పెడితే కీచుమని ఆగుతుంది, గోధుమరంగు పూత ఊడి హెడ్‌కి అతుక్కుంటుంది. ఊడిన పూతతో పాటే మాటా పోతుంది. అలాంటివాటిని తక్కువ వేడిలో ఆరబెట్టి ఒక్కసారి ఆడించి కాపీ చేసే నిపుణులుంటారు, వాళ్ళకే ఇవ్వండి. ఇంట్లో ఓవెన్ ప్రయోగాలొద్దు. పదహారు అంగుళాల పెద్ద డిస్కులు కనిపిస్తే అవి టేపుకు ముందు కాలానివి, జాతీయ కార్యక్రమాలను ఊరూరికీ పోస్టులో పంపిన పద్ధతి. మామూలు రికార్డ్ ప్లేయర్ మీద అవి పట్టవు.

టేపు మీద ఉన్న గొంతు ఆ తేదీకి బతికే ఉన్నారని కూడా అనుకోవద్దు. "త్రూ ద బైబిల్" చెప్పే జె. వెర్నాన్ మెగీ 1988లో చనిపోయారు. ఐదేళ్ళలో బైబిలంతా పూర్తిచేసే ఆయన పాఠాలు ఇప్పటికీ రోజూ వస్తున్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. మీ షెడ్యూలులో ఆయన పేరుందని ఆ ఏడాది ఆయన మీ ఊరొచ్చారని రాసేస్తే నవ్వుతారు.

పాత ఉద్యోగులను కలిసేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళకండి. వాళ్ళు పనిచేసిన ఏడాది షెడ్యూలు ప్రింటు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. "ఆ రోజులు ఎలా ఉండేవి?" అని అడిగితే "బాగుండేవి" అంటారు. "మంగళవారం తొమ్మిదిన్నరకు ఇక్కడ ఎవరి పేరూ లేదేంటండీ?" అని అడగండి, అరగంట ఆపకుండా చెబుతారు. రాత్రి డ్యూటీలో ఎవరు ఫోన్ చేసేవారో, ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళకు ఏం చెప్పేవారో ఇంజనీర్లకు తెలిసినంత మేనేజర్లకు తెలియదు. కాబట్టి స్టూడియోలో ప్రసారం నడిపే బోర్డు ముందు కూర్చున్నవాళ్ళను, టవర్లు చూసుకున్నవాళ్ళను ముందు వెతకండి. ఫోన్ చేసినవాళ్ళ పేర్లు, వాళ్ళ ఇంటి కష్టాలు మాత్రం మీ రాతలోకి రానివ్వకండి.

ఇబ్బందికరమైన సంగతులూ వస్తాయి. ఫ్యామిలీ రేడియో గురించి రాస్తూ దాని అధినేత హారొల్డ్ క్యాంపింగ్ 2011 మే 21న తీర్పు దినం వస్తుందని చెప్పిన జోస్యాన్ని దాటేయలేం. ఏ ప్రసారంలో ఏం చెప్పారు, ఆ తేదీ దాటాక ఏం చెప్పారు, అంతే రాసి ముందుకు సాగండి. ఎగతాళి వద్దు, వెనకేసుకు రావడమూ వద్దు.

రాసేటప్పుడు వరస పేరు ప్రకారం కాకుండా లైసెన్సు ప్రకారం పెట్టండి. ప్రతి తేదీ పక్కన అది కార్డు నుంచా, పేపరు నుంచా, మనిషి నోటి నుంచా అన్నది మీ నోట్సులో గుర్తు పెట్టండి. రెండు చోట్ల తేదీలు కలవకపోతే కార్డునే నమ్మండి, కానీ రెండోది కొట్టేయకండి. పూర్తయ్యాక ఒక కాపీ స్టేషన్‌కి ఇవ్వండి, వాళ్ళకీ ఉపయోగం. కానీ అసలు కాగితాలు, టేపులు మాత్రం వాళ్ళ దగ్గర వదలొద్దు. స్టేషన్ అమ్ముడుపోయిన రోజు ముందు చెత్తబుట్టలోకి పోయేవి అవే. ఊరి లైబ్రరీ చరిత్ర విభాగానికి ఇవ్వండి. మా వైపైతే అలమీడాలో కాలిఫోర్నియా హిస్టారికల్ రేడియో సొసైటీ ఉంది, బే ఏరియా రేడియో మ్యూజియం నడిపేది వాళ్ళే. ఇచ్చేముందు ప్రతి డబ్బా మీదా స్టేషన్ పేరుతో పాటు ఫెసిలిటీ ఐడీ కూడా రాయండి.